ఊపిరి సలపని డ్యూటీలో ఊపిరి సాధన ఎంతవరకు పనికొస్తుంది?

సిస్టర్ గారూ, మీ ప్రశ్న చదివాక నాకు అర్థమైనది ఇది. మీరు ఏడేళ్లుగా మెడికల్ ఐసీయూలో స్టాఫ్ నర్సుగా ఉన్నారు. నెలలో సగం రోజులు 12 గంటల నైట్ డ్యూటీ పడుతోంది. ఎవరికైనా సీపీఆర్ (ఆగిన గుండె తిరిగి కొట్టుకునేందుకు ఛాతీ నొక్కడం) చేయవలసి వచ్చిన రాత్రి గంటల తరబడి గుండె దడ తగ్గడం లేదు, ఇంటికి వెళ్లి పడుకున్నా కన్ను అంటుకోవడం లేదు, చిన్న మాటకే పిల్లల మీద విసుక్కుంటున్నారు. ఈ మధ్య మీ ఆసుపత్రివారు రాత్రి డ్యూటీ దిగినవారిని ఇంటికి పంపకుండా కూర్చోబెట్టి గంటన్నర ధ్యాన శిబిరం పెట్టారు. కళ్లు మూసుకోగానే అంతకుముందు వారం చనిపోయిన రోగి ముఖమే కనిపించి మీకు ఆందోళన మరింత పెరిగింది. ప్రాణాయామం, ధ్యానం నిజంగా పనిచేస్తాయా, పనిచేస్తే అరగంట కూడా తీరిక దొరకని మీలాంటివారు ఏం చేయాలి అన్నది మీ సందేహం.

నేను 26 ఏళ్లుగా మత్తు డాక్టరుగా పనిచేస్తున్నాను. అందులో పదేళ్లకు పైగా ఐసీయూ బాధ్యత కూడా చూశాను. యోగా గురువును కాను. ఇతరుల ఊపిరిని కనిపెట్టుకొని ఉండటమే వృత్తిగా పెట్టుకొని, నా ఊపిరి సంగతి పట్టించుకోక ఒకప్పుడు బాగా దెబ్బతిన్నవాడిని. ఆ అనుభవంతో చెబుతున్నాను. ఊపిరి సాధన పనిచేస్తుంది. కుదుపు తగిలిన శరీరాన్ని అది త్వరగా మామూలు స్థితికి తెస్తుంది, రోజూ చేసేవారికి ఆ నెమ్మదింపు మరింత సులభంగా అలవడుతుంది. అయితే ఇద్దరు చేయవలసిన పనిని ఒక్కరి నెత్తిన వేయడం వల్ల వచ్చే అలసటను తీర్చే శక్తి దానికి లేదు. ఈ రెండు విషయాలనూ కలగలిపి మాట్లాడటం వల్లనే కొందరు దీన్ని సర్వరోగ నివారిణిగా నమ్ముతున్నారు, మరికొందరు బూటకమని కొట్టిపారేస్తున్నారు.

నమ్మకంతో నిమిత్తం లేకుండా మీరే చూడగలిగిన ఒక పరీక్ష ఉంది. రాత్రి మూడు గంటల వేళ వార్డు కాస్త సద్దుమణిగినప్పుడు, రోగులెవరికీ అవసరం లేని పల్స్ ఆక్సీమీటరును మీ వేలికి తగిలించుకొని, దాని బీప్ శబ్దాన్ని వింటూ ఐదు అంకెలు లెక్కపెట్టేంత సేపు నెమ్మదిగా ఊపిరి తీసుకోండి, ఆ తరువాత ఏడు లెక్కపెట్టేంత సేపు వదలండి. తీసుకుంటున్నప్పుడు బీప్‌లు దగ్గర దగ్గరగా వస్తాయి, వదులుతున్నప్పుడు వాటి మధ్య ఎడం పెరుగుతుంది. తెర మీది అంకెను చూడవద్దు, వినండి. ఆ అంకె కొన్ని సెకన్ల సగటు కాబట్టి ఆలస్యంగా మారుతుంది, బీప్ మాత్రం ప్రతి గుండె చప్పుడుతోనూ వస్తుంది. ఊపిరి తీసుకునేటప్పుడు గుండె మీద వేగస్ నాడి (గుండె వేగాన్ని తగ్గించే నరం) వేసిన పట్టు సడలుతుంది, వదిలేటప్పుడు ఆ పట్టు మళ్లీ బిగుస్తుంది. అందుకే ఊపిరి వదలడం ఎంత నిదానమైతే గుండె నెమ్మదించే సమయం అంత ఎక్కువగా దొరుకుతుంది. వెన్నులో మత్తు ఇచ్చిన తరువాత మెలకువగా ఉండి భయపడే రోగులకు నేను ఈ ఒక్క మాటే చెబుతుంటాను: "గట్టిగా పీల్చవద్దమ్మా, మెల్లగా వదులు." రెండు మూడు నిమిషాల్లో మానిటర్ శబ్దం నిదానించడం థియేటరులోని వారందరికీ వినిపిస్తుంది. ఆ రోగికి పనికొచ్చిన ఉపాయం పక్కన నిలబడిన మనకు ఎందుకు పనికిరాదన్న ఆలోచన నాకు చాలా ఆలస్యంగా కలిగింది.

పెద్దవారు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. దాన్ని నిమిషానికి ఆరు వరకు తగ్గించగలిగితే గుండె వేగంలో, రక్తపోటులో సహజంగా వచ్చే హెచ్చుతగ్గులు ఊపిరి లయతో జత కలుస్తాయి, రక్తపోటును సరిదిద్దే వ్యవస్థ మరింత చురుకుగా స్పందిస్తుంది. ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయానికి చెందిన లూసియానో బెర్నార్డి బృందం 2001లో ఒక ముచ్చటైన అధ్యయనం ప్రచురించింది. 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్‌లో జపమాల ప్రార్థన, ఆ తరువాత 'ఓం మణి పద్మే హుం' అన్న మంత్రం చెప్పించి చూస్తే, రెండు సందర్భాల్లోనూ వారి ఊపిరి దానంతట అదే నిమిషానికి ఆరుకు దగ్గరగా వచ్చింది. అంటే విష్ణు సహస్రనామం చదివే అత్తగారైనా, జపమాల తిప్పే కేరళ సిస్టరైనా తెలియకుండానే ఊపిరిని నిదానించే పని కొంత చేస్తూ ఉండవచ్చునని నా ఊహ. మన యోగ సూత్రాల్లో మొదటి పాదంలోనే పతంజలి మనసు తేటపడటానికి ఊపిరిని బయటికి వదలడాన్ని ఒక మార్గంగా చెప్పాడన్నది కూడా గమనించదగినదే. మనవాళ్లు మాత్రం ప్రాణాయామం అనగానే ఛాతీ పొంగించి పీల్చడమే అనుకుంటారు.

ఎక్కువ మంది పొరపాటు చేసేదీ ఇక్కడే. దడగా ఉన్నప్పుడు "డీప్ బ్రీత్స్ తీసుకో" అని పక్కవారు చెబుతారు, మనమూ గబగబా పెద్ద ఊపిరులు తీస్తాం. దానివల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడు పడిపోతుంది, మెదడులోని రక్తనాళాలు కుంచించుకుంటాయి, తల తేలిపోతుంది, పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి పుడుతుంది, ఒక్కోసారి చేతి వేళ్లు కొంకర్లు పోతాయి. ఆక్సిజన్ చాలడం లేదేమోనని భయపడి మరింత గట్టిగా పీలుస్తాం. పరీక్షల ముందు రోజుల్లో హాస్టల్ నుంచి ఎమర్జెన్సీకి వచ్చే నర్సింగ్ విద్యార్థినులలో ఇది మీరు చూసే ఉంటారు. కాబట్టి నేను చెప్పే ఊపిరి లోతైనది కాదు, నెమ్మదైనది. నోరు మూసుకొని, ముక్కుతో, పొట్ట కొద్దిగా కదిలేంత మామూలు ఊపిరి తీసుకొని, దానికన్నా కొంచెం ఎక్కువ సేపు వదలాలి. నాలుగు లెక్కకు తీసి ఆరు లెక్కకు వదిలితే చాలు. మొదట్లో మూడూ నాలుగూ అయినా ఫరవాలేదు. ఊపిరి చాలడం లేదనిపిస్తే లెక్క తగ్గించాలి తప్ప పట్టుదలకు పోకూడదు.

కుదుపు మరీ గట్టిగా ఉన్నప్పుడు నేను వాడే పద్ధతి ఇంకొకటి ఉంది. ముక్కుతో ఊపిరి తీసుకొని, దాని మీద మరొక చిన్న ఊపిరి చేర్చి, నోటితో సన్నగా చాలాసేపు వదలడం. ఇది మన నిట్టూర్పే. మామూలు మనిషి తనకు తెలియకుండానే అయిదేసి నిమిషాలకు ఒకసారి ఇలా నిట్టూరుస్తాడు. మూసుకుపోయిన గాలి తిత్తులు దానితో తిరిగి తెరుచుకుంటాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో, రోజుకు 5 నిమిషాల చొప్పున నెల రోజులు సాధన చేసినవారిలో ఆందోళన అన్ని పద్ధతుల్లోనూ తగ్గింది కానీ, మనసు ఉల్లాసంగా ఉండటంలో మాత్రం ఈ నిట్టూర్పు పద్ధతివారు ధ్యానం చేసినవారికన్నా ముందున్నారు. ఒకే అధ్యయనాన్ని పట్టుకొని పెద్ద మాటలు చెప్పను. అయితే 5 నిమిషాలన్నది మనకు అందుబాటులో ఉన్న లెక్క.

ఆ 5 నిమిషాలు కూడా ఒక్కసారిగా దొరకవని మీరు అంటారు, దొరకనవసరం లేదు. సబ్బుతో చేతులు కడుక్కోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన సమయం 40 నుంచి 60 సెకన్లు. ఒక ఊపిరికి పది సెకన్ల చొప్పున అది నాలుగు నుంచి ఆరు నిదానమైన ఊపిరులకు సరిపోతుంది. కుళాయి తిప్పినప్పుడు మొదలుపెట్టి, చేతులు తుడుచుకునే వరకు ఊపిరి వదలడం మీదే దృష్టి పెడితే, ఒక డ్యూటీలో ఎన్నిసార్లు అవుతుందో మీరే లెక్క వేసుకోండి. చేతులూ పద్ధతి ప్రకారం శుభ్రపడతాయి. హ్యాండ్ రబ్ వాడేటప్పుడు మాత్రం దీన్ని చేయవద్దు. ఆ ఇరవై ముప్పై సెకన్లూ స్పిరిట్ ఆవిరి ముఖానికి కొడుతూ ఉంటుంది, దాన్ని తీరికగా పీల్చడంలో అర్థం లేదు. మందులు కలిపేటప్పుడు, ఇన్‌ఫ్యూజన్ పంపు రేటు మార్చేటప్పుడు కూడా ఊపిరి లెక్కపెట్టవద్దు. అక్కడ లెక్క మందుది.

నాడీశోధన గురించి ఒక మాట. పద్ధతి మంచిదే, కానీ వేళ్లతో ముక్కు మూసి తెరవడం వార్డులో చేయదగిన పని కాదు. మన ముక్కు పుటాలలో స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా తిష్ఠ వేసుకొని ఉండవచ్చు, చేతులకు రోగి పక్క మీది క్రిములు అంటి ఉండవచ్చు. అటు ఇటు మార్పిడి చేయడం ఇద్దరికీ ప్రమాదమే. దాన్ని ఇంట్లో స్నానం తరువాత చేసుకోండి. భ్రామరి కూడా ఇంటికే ఉంచుకుంటే మేలు, డ్యూటీ రూములో తుమ్మెద నాదం చేస్తే పక్క మంచం మీద కునుకు తీస్తున్న డాక్టరమ్మ ఊరుకోదు. ఎన్95 మాస్కు ఉన్నప్పుడు ఊపిరికి అడ్డు ఎక్కువగా ఉంటుంది, వదిలిన గాలి కొంత తిరిగి లోపలికి వస్తుంది. అప్పుడు ఎక్కువ లెక్కలు పెట్టుకోక, ఊపిరి వదిలేటప్పుడు భుజాలను కిందికి జారవిడవడం ఒక్కటి చేస్తే సరిపోతుంది.

ఇక సీపీఆర్ తరువాతి దడ సంగతి. అడ్రినలిన్ రక్తంలోంచి కొద్ది నిమిషాల్లోనే తగ్గిపోతుంది, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను మాత్రం ఘటన జరిగిన 20–30 నిమిషాలకు పైస్థాయికి చేరి నిదానంగా దిగుతుంది. కాబట్టి అరగంట తరువాత కూడా చేతులు వణకడం మీ బలహీనత కాదు, శరీర ధర్మం. అయితే గంటల తరబడి తగ్గకపోవడానికి మరొక కారణం ఉంటుంది: మనం ఆ ఘటనను మనసులో ముగించకుండానే తరువాతి పనిలోకి దూకుతాం. నేను పీజీగా ఉన్నప్పుడు రోగికి శ్వాసగొట్టం వేసే సమయంలో మమ్మల్నీ ఊపిరి బిగబట్టమనేవారు. మీకు ఊపిరి ఆడనప్పుడు రోగికీ ఆడటం లేదని గుర్తొస్తుందని ఆ చిట్కా. చిట్కా మంచిదే కానీ, బిగబట్టిన ఊపిరిని తరువాత వదలాలని ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఒక బాలింతను కాపాడలేకపోయాము. ఆ రాత్రి నేను కేస్ షీటు పూర్తి చేసి, మరో రెండు సిజేరియన్లకు మత్తు ఇచ్చి, తెల్లవారి బండి స్టాండు దగ్గరికి వచ్చి తాళం చెవి పెట్టబోతే చెయ్యి వణికి అది తాళంలోకి పోలేదు. పదిహేను నిమిషాలు అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. వాచ్‌మన్ టీ తెచ్చి ఇచ్చి ఏమీ అడగకుండా పక్కన నిలబడ్డాడు. ఆ తరువాత రెండేళ్ల పాటు ప్రసూతి థియేటరు తలుపు తోసే ప్రతిసారీ నా ఊపిరి గొంతులోనే ఆగిపోయేది. దానికి వైద్య సహాయం తీసుకోవడానికి సిగ్గుపడ్డాను, అది నా తప్పు.

అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయ వైద్యశాలలో ఎమర్జెన్సీ నర్సుగా పనిచేసిన జొనాథన్ బార్టెల్స్ ఒక చిన్న ఆచారాన్ని మొదలుపెట్టారు. రోగి చనిపోయాడని ప్రకటించిన వెంటనే అందరూ చెల్లాచెదురు కాకుండా, మంచం చుట్టూ కొద్ది సెకన్లు మౌనంగా నిలబడి, ఆ మనిషిని, అతని కోసం పాటుపడిన చేతులను తలచుకుంటారు. ఆ పద్ధతి తరువాత అనేక ఆసుపత్రులకు పాకింది. మేము మా ఐసీయూలో దీన్ని మన తీరుకు మార్చుకున్నాం. సిస్టర్ ఇన్‌చార్జి "ఒక్క నిమిషం" అంటుంది, మానిటర్ శబ్దం ఆపుతారు, అందరూ మూడు ఊపిరులు నిదానంగా వదులుతారు, తరువాత ఒకరు బంధువుల దగ్గరికి, ఒకరు క్రాష్ కార్ట్ (అత్యవసర మందులు, పరికరాలు ఉండే బండి) దగ్గరికి వెళతారు. మొదట్లో హౌస్ సర్జన్లు మొహమాటపడి నవ్వేవారు. ఇప్పుడు నేను మరిచిపోతే వాళ్లే గుర్తు చేస్తున్నారు.

మీరు కళ్లు మూసుకున్నప్పుడు ఆ ముఖం కనిపించడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే శిబిరాలలో దీన్ని "మనసు శుద్ధి అవుతోంది, కొనసాగించండి" అని తోసిపుచ్చడం నేను విన్నాను. మనసుకు గాయమైనవారికి కళ్లు మూసి, నిశ్శబ్దంలో, లోపలికి చూడటం కొన్నిసార్లు ఆ గాయాన్నే రేపుతుంది. ధ్యానానికి కళ్లు మూయడం తప్పనిసరి కాదు. కుర్చీలో కూర్చొని, రెండు పాదాలూ నేలకు ఆనించి, చూపును నాలుగడుగుల దూరంలో నేల మీదనో గోడ మీదనో నిలపండి. పాదాల కింది నేల చల్లదనం, కుర్చీ వీపుకు తగలడం, దూరంగా వినిపించే లిఫ్టు చప్పుడు, వీటిని ఒక్కొక్కటిగా గుర్తించండి. ఊపిరి మీద దృష్టి పెట్టడం కూడా ఇబ్బందిగా ఉంటే పాదాలే చాలు. ముఖం గుర్తుకు వస్తే తరిమివేయనవసరం లేదు, దానితో వాదించనవసరం లేదు. మళ్లీ పాదాల దగ్గరికి రండి. అప్పటికీ ఉక్కిరిబిక్కిరిగా ఉంటే ఆపి లేచి నడవండి. నడకలో అడుగులు గమనించడమూ ధ్యానమే, ఐసీయూ కారిడార్ దానికి బాగా సరిపోతుంది.

జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో మొదలుపెట్టిన ఎనిమిది వారాల శిక్షణే ఇవాళ ఆసుపత్రుల్లో నేర్పే ధ్యాన పద్ధతులలో చాలావాటికి మూలం. అందులో వారానికి సుమారు రెండున్నర గంటల తరగతి, ఇంటి దగ్గర రోజువారీ సాధన ఉంటాయి. అంటే ఒక్క ఉదయం గంటన్నర శిబిరంతో ఫలితం ఆశించడం ఒక మోతాదు యాంటీబయాటిక్ ఇచ్చి జ్వరం తగ్గలేదనడం వంటిది. అంత సమయం పెట్టలేనివారికి నా సలహా, రోజుకు 5 నిమిషాలు, వారానికి కనీసం ఐదు రోజులు, రెండు నెలలు. డ్యూటీకి బయలుదేరే ముందు యూనిఫాం వేసుకున్నాక కూర్చుంటే ఎవరూ మీకు పని చెప్పరు.

రాత్రి డ్యూటీ దిగిన తరువాత సాధన వేరేగా ఉండాలి. బండి నడుపుతూ ఊపిరి ఆటలు వద్దు, నిద్ర ముంచుకొస్తుంది. తెల్లవారుజామున మూడు దాటాక కాఫీ, టీ మానండి. తాగిన కెఫీన్‌లో సగం సుమారు ఐదు గంటల తరువాత కూడా ఒంట్లో ఉంటుంది. ఇంటికి వెళ్లాక గది చీకటి చేసి, వెల్లకిలా పడుకొని, కాలి వేళ్ల నుంచి నుదుటి వరకు ఒక్కొక్క భాగాన్నీ తలచుకుంటూ వదులు చేస్తూ రండి; మోకాళ్ల దాకా వచ్చేసరికి నిద్రపోతే దాన్ని సాధనలో లోపంగా భావించకండి.

గర్భిణులు, రక్తపోటు, గ్లకోమా, మూర్ఛ, గుండె జబ్బు ఉన్నవారు ఊపిరి బిగబట్టే కుంభకాలూ, కపాలభాతి, భస్త్రిక వంటి వేగవంతమైన పద్ధతులూ డాక్టరును అడగకుండా చేయకూడదు. నెమ్మదిగా వదలడంతో మామూలుగా ఏ చిక్కూ రాదు.

ఇప్పుడు మొదట్లో అన్న రెండో మాట, పని భారం సంగతి. ఆరోగ్య సిబ్బంది ఒత్తిడి గురించిన అధ్యయనాలను, వైద్య పరిశోధనలను క్రోడీకరించి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2023లో మళ్లీ పరిశీలించింది. 117 అధ్యయనాలను చూసిన ఆ సమీక్ష, ఆలోచనా తీరును మార్చే శిక్షణలు, అలాగే యోగా, విశ్రాంతి వంటి పద్ధతులు ఒత్తిడిని తగ్గించవచ్చునని, ఆ ప్రయోజనం ఏడాది వరకు కనిపించవచ్చునని తేల్చింది. ఇది చిన్న విషయం కాదు, పెద్ద అద్భుతమూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల వర్గీకరణలో బర్న్ అవుట్‌ను రోగంగా కాక, పనిచోట దీర్ఘకాలం చక్కదిద్దకుండా వదిలేసిన ఒత్తిడి వల్ల కలిగే స్థితిగా పేర్కొంది. చక్కదిద్దవలసింది పనిచోటు అన్న సూచన ఆ నిర్వచనంలోనే ఉంది. రెసిడెంట్ డాక్టర్ల వరుస డ్యూటీ సాధారణంగా 12 గంటలు మించరాదని కేంద్రం 1992లోనే చెప్పింది. ఆ కాగితం ఎంతమంది చూశారో మీకూ తెలుసు. సెలవు అడిగిన నర్సుకు "ధ్యానం చేయండమ్మా" అని చెప్పే అధికారి మందు చీటీ తప్పు రాస్తున్నట్టే.

దడ, నిద్రలేమి, ఆ ముఖం కనిపించడం నెల దాటి కొనసాగుతుంటే, లేదా బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారైనా వస్తే, సాధనతో సరిపెట్టుకోకుండా మానసిక వైద్యులను కలవండి. బతకాలని లేదన్న ఆలోచనే వస్తే నెల ఆగవద్దు, ఆ రోజే కలవండి. ఆసుపత్రిలో నలుగురికీ తెలుస్తుందన్న సంకోచం ఉంటే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, రాత్రింబవళ్లు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

చివరిగా ఆ శిబిరం సంగతి. డ్యూటీ దిగినవారిని గంటన్నర ఆపడం గోరుచుట్టు మీద రోకటిపోటు. మీ నర్సింగ్ సూపరింటెండెంటుకు నలుగురు కలిసి ఒక కాగితం రాయండి: శిబిరం డ్యూటీ సమయంలోనే జరగాలని, దానికి వెళ్లినవారి పడకలను చూడటానికి మరొకరిని వేయాలని, కళ్లు మూసుకోవడం, ఊపిరి బిగబట్టడం ఐచ్ఛికంగా ఉంచాలని. అది కుదరకపోతే హ్యాండోవర్‌కు (తరువాతి షిఫ్టువారికి రోగులను అప్పగించడానికి) ముందు ఐదు నిమిషాలు అడగండి. మా ఐసీయూలో మేము మొదట సాధించుకున్నది ఆ ఐదు నిమిషాలే. దానికోసం ఉదయం షిఫ్టువారు ఐదు నిమిషాలు ముందు రావడానికి ఒప్పుకోలేదు, రాత్రి షిఫ్టువారు ఆలస్యంగా వెళ్లడానికీ ఒప్పుకోలేదు. చివరికి హ్యాండోవర్ పుస్తకంలో రెండుసార్లు రాసే ఒక పట్టికను తీసివేస్తే ఆ సమయం దొరికింది.